కొత్త ఎస్‌ఎస్‌డీ వేస్తున్నారా..? విండోస్ మళ్లీ కొనక్కర్లేదు!

కంప్యూటర్ నెమ్మదించిందని పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. పాత డిస్క్‌లో ఉన్నది 7 నుంచి 10కో, 10 నుంచి 11కో ఉచితంగా అప్‌గ్రేడ్ అయిన విండోస్. చేతిలో డీవీడీ లేదు, కీ లేదు. కొత్త డ్రైవ్ చూస్తే ఖాళీ. మరి దేనిమీద అప్‌గ్రేడ్ చేయాలి? కొత్త కీ కొనాల్సిందేనా? చాలా సందర్భాల్లో అవసరమే లేదు.

ఒకప్పుడు ఇది నిజంగానే తలనొప్పి వ్యవహారం. ఎక్స్‌పీ అప్‌గ్రేడ్ సీడీ అయితే ఖాళీ డిస్క్ మీద కూడా ఎక్కేది. కాకపోతే మధ్యలో పాత విండోస్ సీడీ పెట్టి చూపించమనేది. 2007లో వచ్చిన విస్టా ఆ సీడీ తనిఖీని ఎత్తేసి, పాత విండోస్ లోపలి నుంచే అప్‌గ్రేడ్ మొదలుపెట్టాలంది. దాంతో జనం కీ ఇవ్వకుండా ఒకసారి, దాని మీదే కీ ఇచ్చి మరోసారి.. ఇలా రెండుసార్లు ఇన్‌స్టాల్ చేసి గట్టెక్కేవాళ్లు. 2009లో విండోస్ 7 హోమ్ ప్రీమియం అమెరికాలో పూర్తి వెర్షన్ 199.99 డాలర్లుంటే, అప్‌గ్రేడ్ వెర్షన్ 119.99 డాలర్లే. ఈ తేడా కోసమే అంత తంటా!

విండోస్ 10తో లెక్క మారింది. ఒకసారి యాక్టివేట్ అయ్యాక లైసెన్స్ ఆ కంప్యూటర్ హార్డ్‌వేర్ పేరిట, ముఖ్యంగా మదర్‌బోర్డు ఆధారంగా, మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదవుతుంది. దీన్నే డిజిటల్ లైసెన్స్ అంటారు. డిస్క్ మార్చినా అది పోదు. అయితే 7, 8 కీలతో కొత్తగా 10 లేదా 11 యాక్టివేట్ చేసుకునే దారిని మాత్రం 2023లో మూసేశారు. అప్పటికే అప్‌గ్రేడ్ అయిన సిస్టమ్‌లకు ఇబ్బంది లేదు.

ఇక ఇన్‌స్టలేషన్. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్‌తో సెటప్ ఎక్కించుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, జాగ్రత్త. డెస్క్‌టాప్ అయితే పాత డిస్క్ కేబుల్ తీసేయడం మంచిది. లేకపోతే బూట్ ఫైళ్లు వెళ్లి పాత డిస్క్‌లో కూర్చుంటాయి. రేపు దాన్ని పీకేస్తే కొత్తది లేవదు. కీ అడిగినచోట 'ఐ డోంట్ హ్యావ్ ఏ ప్రొడక్ట్ కీ' నొక్కి, ఎడిషన్ అడిగితే పాతదే ఎంచుకోవాలి. అంటే, హోమ్ ఉంటే హోమే. ప్రో వేస్తే హోమ్ లైసెన్స్‌తో యాక్టివేట్ కాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే! ఖాళీ డ్రైవ్‌కు విడిగా పార్టిషన్లు చేయక్కర్లేదు.. 'అన్ఎలొకేటెడ్ స్పేస్' ఎంచుకుని నెక్స్ట్ కొడితే సెటప్పే చూసుకుంటుంది. తర్వాత నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

మదర్‌బోర్డు కూడా మారుస్తున్నారా? అయితే ముందే లైసెన్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు లింక్ చేసుకోవాలి. అప్పుడు యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చినట్లు చెప్పి అడగొచ్చు. కంపెనీ నుంచి విండోస్‌తోనే వచ్చిన కంప్యూటర్లకు మాత్రం ఇది కుదరకపోవచ్చు. ఆ లైసెన్స్ సాధారణంగా ఆ మెషీన్‌తోనే సరి.

విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి టీపీఎం 2.0, మిగతా అర్హతలు ఉన్న కంప్యూటర్‌లో నేరుగా 11 వేసుకోవడమే మేలు. 10 లైసెన్సే దానికీ సరిపోతుంది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది బిట్‌లాకర్. పాత డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, బయటకు తీశాక 48 అంకెల రికవరీ కీ లేనిదే అందులోని ఫొటోలు, ఫైళ్లు తెరుచుకోవు. డిస్క్ విప్పకముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి.