పెద్ద బ్రేకులు వేయించారు సరే.. ప్యాడ్లు అరిగితే ఎక్కడ దొరుకుతాయి?

రీల్స్‌లో ఎర్ర క్యాలిపర్ తళతళలాడుతుంటే కారు మోజున్న ఎవరికైనా మనసు లాగుతుంది. పెద్ద డిస్క్, నాలుగు పిస్టన్ల క్యాలిపర్, స్టీల్ అల్లిక గొట్టాలు.. అన్నీ కలిపి కిట్‌గా వస్తాయి. డబ్బు కట్టేస్తే ఒక్కరోజులో బిగించేస్తారు. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. ప్యాడ్ అరుగుతుంది, డిస్క్ పలచబడుతుంది, క్యాలిపర్ లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. అప్పుడు షాపుకెళ్లి "ఫలానా కారు ప్యాడ్లు ఇవ్వండి" అంటే కుదరదు. ఎందుకంటే మీ కారుకు ఉన్నవి ఇప్పుడు ఆ కారు బ్రేకులు కావు!

మన దగ్గర ఈ విషయం తేలిగ్గా తీసుకునేది కాదు. చిలకలూరిపేట దాటాక ఒంగోలు దాకా పదహారో నంబరు హైవే తాడు లాగినట్టు ఉంటుంది. కొరిశపాడు దగ్గర ఆ రోడ్డు మీదే విమానాలు దిగేలా రన్‌వే కట్టారంటే ఎంత తిన్నగా ఉంటుందో చూడండి. స్పీడు ఆటోమేటిక్‌గా పెరిగిపోతుంది. సీజన్లో మాత్రం మిర్చి టిక్కీలు వేసుకున్న ట్రాక్టరో, పత్తి బోరేలతో పక్కలకు పొంగిన లారీయో పక్క ఊరి రోడ్డు నుంచి ఒక్కసారిగా ఎదురొస్తుంది. అరిగిన ప్యాడ్‌తో "వచ్చే వారం పార్సిల్ వస్తుందిలే" అని నెట్టుకొచ్చే చోటు కాదిది.

ముందు మీ దగ్గరున్నది ఏంటో తెలుసుకోండి

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కిట్ డబ్బా, కాగితం పారేస్తారు. ఏ కంపెనీ అంటే "ఎర్రది" అంటారు. కొందరి కార్లకు ఉన్నది అసలు కిట్ కూడా కాదు, మామూలు క్యాలిపర్ మీద తొడిగిన ప్లాస్టిక్ మూత! సెకండ్ హ్యాండ్ కారు కొంటే ముందు చక్రం విప్పించి ఇది చూడండి.

నిజమైన కిట్ అయితే ప్యాడ్‌ను కారు పేరుతో కాకుండా క్యాలిపర్ మోడల్‌తో వెతకాలి. ఉదాహరణకు అమెరికా కంపెనీ విల్‌వుడ్ తన ప్యాడ్లకు ఆకారాన్ని బట్టి నంబర్లు ఇస్తుంది. ఆ నంబరు తెలిస్తే కారు ఏదైనా పర్వాలేదు. ఇటలీ కంపెనీ బ్రెంబో, దాని చేతిలోనే ఉన్న ఏపీ రేసింగ్ క్యాలిపర్లకూ ఇదే పద్ధతి. పాత ప్యాడ్ వెనక ఇనుప ప్లేట్ మీద ఉన్న నంబర్లను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అక్కడే రెండు ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉండొచ్చు. అవి పట్టు ఎంతో చెప్పేవి. మొదటిది మామూలు వేడిలో, రెండోది బాగా కాలినప్పుడు. ఈ కంటే ఎఫ్, ఎఫ్ కంటే జీ ఎక్కువ పట్టు. రేసింగ్ ప్యాడ్ అని గొప్పగా కొంటే మరో చిక్కు. అది వేడెక్కితే గానీ సరిగా పట్టదు. పొద్దున్నే ఇంటి ముందు సందులో పిల్లాడు అడ్డం వస్తే ఆ ప్యాడ్ మీకు పనికిరాదు.

డిస్క్‌కైతే వ్యాసం, మందం, బోల్టు రంధ్రాల కొలత కావాలి. అంచు మీదో, మధ్య గిన్నె మీదో కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది. అంతకంటే పలచబడితే లేత్ మీద చదును చేయించడం కాదు, మార్చేయాల్సిందే. రెండు ముక్కల డిస్క్ అయితే ఒక లాభం ఉంది. మధ్యలోని అల్యూమినియం గిన్నెను అలాగే ఉంచి బయటి ఇనుప చక్రం ఒక్కటే కొనుక్కోవచ్చు. వంపు రెక్కల డిస్క్‌లకు కుడి, ఎడమ వేరు. ఆర్డర్ పెట్టేటప్పుడు ఇది మర్చిపోయి రెండూ ఒకే వైపువి తెప్పించుకునేవాళ్లున్నారు.

ఎక్కడ వెతకాలి?

గుంటూరు ఆటోనగర్‌లో మామూలు కార్ల ప్యాడ్లకు కొదవ లేదు. అక్కడ లేకపోతే గంట ప్రయాణంలో విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉంది. బ్రాకెట్ తిరగడం, మర పాడవడం, గొట్టానికి ఫిట్టింగ్ లాంటి లేత్ పనులకు అంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. కానీ బయటి కిట్ ప్యాడ్ షెల్ఫ్ మీద ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. సాధారణంగా హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లోని డీలర్ల ద్వారానో, విదేశం నుంచి నేరుగానో తెప్పించాలి. విదేశం నుంచి అయితే కొరియర్ ఖర్చుకు తోడు కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ పడతాయి. ఇక్కడ ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే అయింది. ఎన్నో భాగాలకు అంతకు ముందు 28 ఉండేది. పాత బిల్లు చూసి లెక్క వేసుకోకండి.

అందుకే కిట్ కొనేముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "దీని ప్యాడ్, డిస్క్, సీల్ కిట్ విడిగా అమ్ముతారా? ఎన్ని రోజుల్లో వస్తాయి?" దానికి నీళ్లు నమిలితే ఆ కిట్ వద్దనుకోవడమే మేలు. కొన్నరోజే ఒక సెట్ ప్యాడ్లు, ఒక సీల్ కిట్ అదనంగా తెచ్చి బీరువాలో పెట్టుకోండి.

ఇంకో దారీ ఉంది. అదే కంపెనీ పెద్ద కారు బ్రేకులు వేసుకోవడం. పోలో, వెంటో ఉన్నవాళ్లు స్కోడా ఆక్టేవియా క్యాలిపర్లు వేయించుకునేది ఇందుకే. ప్యాడ్లు మన ఊళ్లోనే దొరుకుతాయి. చిక్కల్లా డిస్క్‌తోనే. ఆక్టేవియా హబ్‌కు బోల్టులు 112 మిల్లీమీటర్ల వలయంలో ఉంటే, పోలోకు 100. కాబట్టి ఆక్టేవియా డిస్క్ అలాగే కూర్చోదు. ఆ కొలతకు సరిపోయే డిస్క్ ఎక్కడిదో, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో ముందే రాయించుకోండి.

చౌకగా అవుతుందని పాత ప్లేట్‌కే కొత్త లైనర్ అతికించి ఇస్తామనేవాళ్లూ ఉంటారు. వేడికి ఆ అతుకు ఊడితే కాలి కింద మిగిలేది ఇనుప రేకే. ఇక నకిలీల సంగతి. బ్రెంబో తన పర్ఫార్మెన్స్ ఉత్పత్తులతో స్క్రాచ్ కోడ్ ఉన్న కార్డు ఇస్తుంది. దాన్ని గీకి కంపెనీ సైట్‌లో సరిచూసుకోవచ్చు. కార్డు లేదు, బిల్లు లేదు, రేటు మాత్రం సగమే అంటే అర్థమైపోవాలి.

బిగించాక..

క్యాలిపర్‌లో గాలి తీసే నిపుల్ పైకి ఉండాలి. కుడిది ఎడమకు వేస్తే అది కిందికి వస్తుంది. ఎంతసేపు పంప్ చేసినా గాలి పోదు, పెడల్ మెత్తగానే ఉంటుంది. మెకానిక్ బ్రేక్ ఆయిల్ మీదకు నెపం నెట్టేస్తాడు!

బ్రేక్ ఆయిల్ సంగతీ ఉంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల వైపు తిరిగే కారుకైనా, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగే కారుకైనా పాత ఆయిలే పెద్ద ముప్పు. పెద్ద డిస్క్ వల్ల ఒక్క బ్రేకుకు దూరం పెద్దగా తగ్గదు, అది టైరు పట్టును బట్టే ఉంటుంది. వరుసగా తొక్కినప్పుడు వేడిని తట్టుకోవడమే దాని పని. ఆయిల్ మరిగితే ఆ లాభం కూడా పోతుంది. డాట్ 5.1 వేయొచ్చు గానీ డాట్ 5 వేయకండి. అంకె దగ్గరగానే ఉన్నా అది సిలికాన్ ఆయిల్, మిగతావాటితో కలవదు.

చట్టం కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఎ కింద 6 నెలల దాకా జైలు, ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా పడొచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా మారిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. కిట్‌కు డబ్బు కట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో, బీమా కంపెనీలో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

చివరగా డిక్కీ తెరిచి స్టెప్నీ చూడండి. చాలా కార్లలో స్టెప్నీ రిమ్ చిన్నది. పెద్ద క్యాలిపర్ దానికి తగిలి చక్రం ఎక్కదు. బొల్లాపల్లి టోల్ దగ్గర రాత్రిపూట ముందు టైరు పంక్చర్ అయ్యాక తెలుసుకునే కంటే, కిట్ బిగించిన రోజే మెకానిక్ ముందు ఆ స్టెప్నీని ముందు చక్రం స్థానంలో తగిలించి, చేత్తో తిప్పి చూడండి.