గాంధీ ఇచ్చిన ప్రకటన

తెలుగు దినపత్రికల్లో, పొలాల అమ్మకాలూ పేర్ల మార్పులూ వేసే పేజీలో, అప్పుడప్పుడూ ఒక నాలుగు లైన్ల ప్రకటన కనిపిస్తుంది. మా అబ్బాయి మా మాట వినకుండా తిరుగుతున్నాడు, ఇకమీదట అతనికీ మాకూ ఏ సంబంధమూ లేదు, అతనితో లావాదేవీలు పెట్టుకునేవారు తమ సొంత పూచీ మీద పెట్టుకోవాలి. కింద తండ్రి పేరు, ఊరు. ఎప్పుడు చదివినా దాని వెనక ఎన్నేళ్ళ గొడవ ఉందో అనిపిస్తుంది నాకు. ఎన్ని అప్పులు తీర్చి, ఎందరి కాళ్ళు పట్టుకుని ఉంటే ఆ తండ్రి పత్రికాఫీసు మెట్లెక్కి ఉంటాడు!

అలాంటిదే ఒకటి 1925 జూన్ 18 నాటి యంగ్ ఇండియాలో వచ్చింది. ఇచ్చిన తండ్రి మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ.

లయల్‌పూర్ నుంచి ఒక లాయరు గాంధీకి ఉత్తరం రాశాడు. కలకత్తాలో ఆల్ ఇండియా స్టోర్స్ అనే కంపెనీ ఉంది, అందులో మీ అబ్బాయి హరిలాల్ పేరు చూసి మా క్లయింటు వాటాలు కొన్నాడు, ఇప్పుడు ఉత్తరాలకు జవాబు లేదు, సంగతేమిటి అని. గాంధీ ఆ ఉత్తరాన్ని పత్రికలోనే అచ్చువేసి, దాని కిందే జవాబు రాశాడు. అవును, అతను నా పెద్ద కొడుకే. ముప్ఫయ్యారు దాటాయి, నలుగురు పిల్లల తండ్రి. పదిహేనేళ్ళ క్రితమే మా దారులు వేరయ్యాయి. 1915 నుంచి నా డబ్బుతోగానీ నా ద్వారాగానీ బతకడం లేదు. అతని వ్యాపారంతో నాకు సంబంధం లేదు. తండ్రి మంచివాడైనంత మాత్రాన కొడుకూ అంతేనని నమ్మి డబ్బు పెట్టొద్దు. దీనికి ఒకటి జతచేశాడు: తప్పులున్నా అతనంటే నాకు ప్రేమే, అడిగిన రోజున లోపలికి రానిస్తాను.

దీన్ని కర్కశం అనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. మన ధర్మశాస్త్రంలో తండ్రి అప్పు కొడుకు తీర్చాలి. కొడుకు అప్పు తండ్రి తీర్చాలన్న నియమం మామూలుగా లేదు. కానీ ఊరి లెక్క వేరు. కొడుకు బాకీ చేస్తే జనం తండ్రి గుమ్మంలోనే కూచుంటారు. గాంధీ విషయంలో ఆ గుమ్మం దేశమంత పెద్దది. ఆ పేరు చూసి రేపు ఇంకొకడు డబ్బు పంపుతాడు. ఊరుకుంటే తండ్రి కూడా ఆ మోసంలో భాగస్తుడే కదా.

అయితే ఈ ప్రకటనకు ముందు నడిచిన కథ ఇంత నిటారుగా లేదు. హరిలాల్ దక్షిణాఫ్రికా సత్యాగ్రహంలో పలుమార్లు జైలుకు వెళ్ళాడు. అక్కడివాళ్ళు చిన్న గాంధీ అనేవారు. అతను అడిగింది చదువు. లండన్ పంపడానికి ప్రాణజీవన్ మెహతా డబ్బిస్తానంటే, గాంధీ తన కొడుకుని పక్కనపెట్టి వేరేవాళ్ళను పంపాడు. 1911లో హరిలాల్ ఇల్లు వదిలాడు. 1915లో తండ్రికి పెద్ద ఉత్తరం రాసి, అచ్చువేయించి తెలిసినవాళ్ళకు పంచాడు. మా మాట మీరెప్పుడూ వినలేదన్నది దాని సారం. ఇందులో నేను హరిలాల్ పక్షమే. నా ఇంట్లో తాగొద్దు, నా పేరు వాడొద్దు అనడం తండ్రి హక్కు. నేను పోసిన అచ్చులోనే నువ్వు తయారవ్వాలి అనడం వేరే సంగతి. హరిలాల్ మీద పుస్తకాలు రాసినవాళ్ళూ సినిమా తీసినవాళ్ళూ ఈ రెంటినీ కలిపేసి, మొదటి తప్పు చేసినవాడికి రెండో మాట అనే హక్కెక్కడిది అంటారు. ఎందుకుండదు? పెంపకంలో తప్పు జరిగిందని, లయల్‌పూర్ మనిషి డబ్బు పోగొట్టుకోవాలా?

1918 ఇన్‌ఫ్లుయెంజాలో హరిలాల్ భార్య గులాబ్ పోయింది. ఆ తరవాత తాగుడు ముదిరింది. అతని పిల్లల ఆలనాపాలనా చాలావరకు కస్తూర్బా, గులాబ్ తోబుట్టువూ చూసుకున్నారు. కొడుక్కి డబ్బు లేదు, కొడుకు పిల్లలకు మాత్రం అన్నం ఉంది. ఈ ఏర్పాటు గురించి ఎవరూ పెద్దగా రాయరెందుకో.

1936లో అతను బొంబాయిలో మతం మారి అబ్దుల్లా అయ్యాడు, కొన్ని నెలలకే ఆర్యసమాజం ద్వారా వెనక్కి వచ్చాడు. అప్పుడు కస్తూర్బా పేరుతో ఒక బహిరంగలేఖ వచ్చింది. పొద్దున్నే పేపర్లో ఇవాళ నీ గురించి ఏం చదవాలో అని భయంతో లేస్తున్నానని అందులో ఉంది. అలాంటి కొడుకున్న ఏ ఇంట్లోనైనా ఉండే భయమే అది. పేపరు బదులు ఫోనో, తలుపు చప్పుడో. 1944 ఫిబ్రవరిలో ఆగాఖాన్ ప్యాలెస్‌లో తల్లి చావుబతుకుల్లో ఉంటే తాగి వచ్చాడు. ఆమె నుదురు కొట్టుకుంది. అతన్ని బయటికి తీసుకుపోయారు. ఆ నెల 22న ఆమె పోయింది. గాంధీ హత్య జరిగిన ఐదు నెలలకు, 1948 జూన్ 18న, హరిలాల్ బొంబాయిలో పోయాడు.

అంతకు చాలా ముందు, ఒకసారి గాంధీ దంపతులు ఎక్కిన రైలు కట్నీ స్టేషన్లో ఆగింది. మహాత్ముడికి జై అనే గుంపులో ఒక్క గొంతు మాత్రం మాతా కస్తూర్బాకి జై అంది. చూస్తే హరిలాల్, చిరిగిన బట్టల్లో. తల్లి చేతిలో ఒక కమలాపండు పెట్టి, నువ్వే తినాలి అన్నాడు. మరి నాకో అని తండ్రి అడిగితే, మీకేం లేదు, మీ గొప్పతనమంతా అమ్మ వల్లే, అన్నాడు. మాతో వచ్చెయ్ అన్నారు. రాలేనన్నాడు. రైలు కదిలాక ఆమెకు గుర్తొచ్చింది, బిడ్డ ఆకలితో ఉంటాడేమోనని. పక్కనే బుట్టలో పళ్ళున్నాయి. అప్పటికి ప్లాట్‌ఫారం వెనకబడిపోయింది.