రోలు పుస్తకం

మా నాయనమ్మకి తెలిసిన రోలు ఒకటే. వాకిట్లో వేపచెట్టు కింద ఉండేది. అందుకే కెప్టెనుగారు వచ్చి "అమ్మా, నీ పేరు రోల్లో ఎక్కించాం" అని చెప్తే నవ్వు ఆపుకోలేక, "ఎక్కించండయ్యా, రోట్లో తల పెట్టినాక రోకటిపోటుకి భయమేముంది" అందంట. ఈ ముచ్చట మా ఇంట్లో యాభై ఏళ్ళు చెప్పుకున్నారు. రోకటిపోటు మాత్రం ఆమె మీద పడలా. మా నాయన మీద పడింది.

మాది తెనాలి - రేపల్లె రైలు కట్టకి దగ్గర్లో ఒక మాలపల్లె. మా మందిరం సాల్వేషన్ ఆర్మీది. బోర్డు మీద రక్షణ సైన్యం అని ఉండేది, జనం నోట్లో 'సాలేషనార్మీ'. మాకు పాస్టరు ఉండడు, కెప్టెనుగారు ఉంటాడు. సంఘస్తులు సైనికులు. ప్రమాణపత్రం మీద సంతకమో వేలిముద్రో వేస్తే పేరు రోలు పుస్తకంలోకి ఎక్కుద్ది. ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. మాకు బాప్తిస్మం లేదు, ప్రభురాత్రి భోజనం లేదు. 1883లోనే ఆ సంస్థ ఆ రెండూ వదిలేసింది. రేపల్లెలో లూథరన్ల ఇంటికి కోడలుగా పోయిన మా మేనత్తని తోటికోడళ్ళు "నెత్తిన నీళ్ళు పడని కిరస్తానీ" అని ఆటపట్టించేవాళ్ళు.

మాకు నెల అంటే కేలండర్లో నెల కాదు. మందిరం నెల. ఆదివారం పొద్దున్నే మోకాళ్ళ ప్రార్థన. గురువారం ఆడవాళ్ళ హోం లీగు. శనివారం రాత్రి వీధి సువార్త. ప్రతి ఇంటికీ ఒక కానుక కవరు, దాని మీద ఒక నంబరు. సైన్యం గదా, ఆ కవరుని కాట్రిడ్జి అనేవాళ్ళు, అంటే తూటా. కూలికి పోయేవాళ్ళ దగ్గర వారం వారం తూటాలు ఎక్కడివి? కోతల నెలలో నిండేది, ఆషాఢంలో ఖాళీ కవరే వచ్చేది. దానికి బదులు గుప్పెడు బియ్యం ఉండేది. ఎసరు పెట్టినప్పుడల్లా కొలిచిన బియ్యంలోంచి నాయనమ్మ ఒక గుప్పెడు తీసి రేకు డబ్బాలో వేసేది. బియ్యం లేనినాడు నూకలు. నూకలూ లేనినాడు డబ్బా మూత తీసి, చూసి, మళ్ళీ పెట్టేది. నెలాఖరు గురువారం ఆడవాళ్ళంతా డబ్బాలు తెచ్చి మందిరంలో కొలిచేవాళ్ళు. పాట పెట్టి అమ్మేవాళ్ళు. వచ్చిన డబ్బు ఎంత, దీపం నూనెకి ఎంత, జబ్బుచేసినవాళ్ళకి ఎంత, అన్నీ కెప్టెనుగారు ఆదివారం గట్టిగా చదివి వినిపించి, ఆ లెక్క పట్టుకుని సైకిలు మీద తెనాలి పోయేవాడు.

మా తాత ముప్ఫై ఏళ్ళు పాలేరుతనం చేశాడు. ఆసామి పుస్తకంలో తన పేరు కింద ఏం రాసి ఉందో ఒక్కనాడు చూడలేదు. అడిగితే దెబ్బలు. అట్టాంటి మనిషికి, తనిచ్చిన రెండణాల సంగతి పదిమందిలో చదివి వినిపించిన పుస్తకం ఈ లోకంలో అదొక్కటే. దళితులు మిషన్లలోకి ఎందుకు పోయారంటే గోధుమ రవ్వ కోసం, పాలపొడి కోసం అని రాసే పెద్దమనుషులకి ఈ లెక్క తెలవదు. ఆ రవ్వ వచ్చేదాకా సంఘాన్ని మోసింది మా ఆడవాళ్ళ గుప్పెళ్ళు.

ఈ పద్ధతి ఎక్కడిది అని కాలేజీలో ఉండగా వెతికాను. ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఓడరేవులో 1742లో మెథడిస్టులకి మందిరం అప్పు తీర్చే దారి లేక కూర్చున్నారు. ఫాయ్ అనే ఓడ కెప్టెను లేచి, మనిషికి వారానికి ఒక పెన్నీ ఇద్దాం అన్నాడు. బీదవాళ్ళు ఇవ్వలేరు గదా అన్నారు ఎవరో. పదకొండు మంది బీదవాళ్ళని నాకు అప్పచెప్పండి, వాళ్ళు ఇవ్వలేకపోతే నేనే ఇస్తా అన్నాడు. జాన్ వెస్లీ దాన్ని పట్టుకుని సంఘాన్ని పన్నెండేసి మంది జట్లుగా చేశాడు. ఆ మెథడిస్టుల్లో పాస్టరుగా ఉన్న విలియం బూత్ 1861లో వాళ్ళతో తెగతెంపులు చేసుకుని, 1865లో లండన్ తూర్పు వాడల్లో పని మొదలుపెట్టాడు. 1878లో దానికి సైన్యమని పేరొచ్చింది. 1882లో ఫ్రెడరిక్ టక్కర్ అనే దొర, కలెక్టరీ దర్జా ఉద్యోగం వదులుకుని, బొంబాయిలో దిగాడు. కాషాయం కట్టి ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. ఊరేగింపు తీసినందుకు తెల్లప్రభుత్వమే తెల్లవాళ్ళని అరెస్టు చేసింది. అదే మెథడిస్టుల చెట్టు ఇంకో కొమ్మ తెలంగాణలో మెదక్ దాకా పాకింది. అక్కడ కరువు కాలంలో కూలి పనిగా మొదలైన పెద్ద గుడి 1924లో పూర్తయింది. మేం మాత్రం చిన్నప్పుడు మెథడిస్టు అన్న మాటే వినలేదు. బ్రిస్టల్ పెన్నీ మా పల్లెకి వచ్చేసరికి గుప్పెడు బియ్యం అయ్యింది, అంతే.

వీధి సువార్త సంగతి చెప్పాలి. మా తాత వెట్టివాడు. ఊళ్ళో ఎవరు చచ్చినా చావు కబురు పట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళకి నడవాల్సింది ఆయనే. అర్ధరాత్రయినా, వానైనా. కూలి లేదు. కబురు చెప్పి ఆ ఇంటి గడపకి దూరంగా నిలబడితే ఏదన్నా ఇచ్చేవాళ్ళు, లేదంటే లేదు. సైనికుడైనాక ఎర్ర చొక్కా తొడుక్కుని, పెట్రోమాక్సు లైటు పట్టుకుని, అవే డొంకల్లో సువార్త చెప్పటానికి పోయాడు. "ఇన్నాళ్ళు చావు కబురు మోశా, ఇప్పుడు బతుకు కబురు మోస్తున్నా" అనేవాడు. ఎర్ర చొక్కా చూసి ఒకసారి పోలీసులు కమ్యూనిస్టనుకుని ఆపారంట. అప్పట్లో మా డెల్టాలో అది వింత కాదు.

అయితే ఆ లైటు ఎక్కడిదాకా పోయేదో విద్యార్థులు గమనించాలి. మాలపల్లెలో మొదలుపెట్టి, కాలవ కట్ట మీదుగా పక్క ఊరి మాలపల్లెకి. ఊరి నడివీధిలో డ్రమ్ము మోగేది కాదు. రామాలయం అరుగు దగ్గరికి రాగానే టాంబరిన్లు చంకలోకి పోయేవి. లోకమంతటికీ చెప్పమన్న కబురు, కులం గీసిన గీత కాడ ఆగిపోయేది. ఇంకో పక్క మాదిగపల్లె ఉంది. అక్కడికి మేమే పోలేదు. ఎవరూ ఆపలా, మేమే పోలేదు. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ అని చరిత్రకారులు రాస్తే దొరల తప్పులాగా చదువుకుంటాం. మా పల్లె నుంచి మాదిగపల్లెకి రెండు నిమిషాల నడక.

బాపట్ల దాటినాక స్టూవర్టుపురం ఉంది. ఎరుకల వాళ్ళని 'నేరస్త జాతి' అని ముద్ర వేసి, 1913లో అక్కడ సెటిల్‌మెంటు పెట్టి ప్రభుత్వం దాని కాపలా సాల్వేషన్ ఆర్మీకే అప్పచెప్పింది. పూటపూటా హాజరు, చీటీ లేకుండా బయటికి పోకూడదు. వాళ్ళకీ ఒక రోలు పుస్తకం ఉండేది. మాకు పేరు ఎక్కితే గౌరవం, వాళ్ళకి పేరు ఎక్కితే చెర. ఒకే సంస్థ, ఒకే జిల్లా. ఈ రెండో పుస్తకం గురించి మా మందిరంలో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

ఇక మా నాయన. 1950 ఆగస్టులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు అని అందులో మూడో పేరా. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మమ్మల్ని కలపలా. 1970లో మన రాష్ట్రం క్రైస్తవులైన దళితుల్ని బి.సి. 'సి'లో పెట్టి ఒక్క శాతం ఇచ్చింది. ఏసుని నమ్మితే మాలవాడు మాలవాడు కాకుండా పోతాడా? ఆ సంగతి ఊరి బావికి తెలవదు, టీకొట్టు గ్లాసుకి తెలవదు, చట్టానికి ఒక్కదానికే తెలుసు. నాయన 1968లో 'హిందూ మాల' సర్టిఫికెట్టు మీద ఒక ప్రభుత్వాఫీసులో అటెండరుగా చేరాడు. 1974లో ఆ ఆఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఫలానావాడు కిరస్తానీ, విచారించగలరు.

విచారణకి ఒకాయన జీపులో మందిరానికి వచ్చాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, గుమ్మం కాడ నిలబడి చూశా. "బాప్తిస్మం రిజిస్టరు తెండి" అన్నాడు. కెప్టెనుగారు "మా దగ్గర బాప్తిస్మం లేదండి" అన్నాడు. "ఈయన తీసుకున్నాడా లేదా?" "ఎవరూ తీసుకోరండి. మా సైన్యంలోనే లేదు." ఆయనకి నమ్మకం చిక్కలా. నాలుగు పక్కలా చూశాడు. నీళ్ళ తొట్టి కూడా లేదు. ఏదో రాసుకుని జీపెక్కాడు. అబద్ధం ఒక్కటి కూడా ఆడకుండా కెప్టెనుగారు మా అన్నం కాపాడాడు. రోలు పుస్తకం బల్ల సొరుగులోనే ఉంది. జీపాయన అడగలా.

మళ్ళీ వస్తే అడుగుతాడేమో. ఆ భయంతోటి నాయనే పోయి తన పేరు కొట్టేయమన్నాడు. కెప్టెనుగారు రెండు నెలలు తాత్సారం చేసి, చివరికి ఎర్ర సిరాతో గీత గీశాడు. ఆనాటి నుంచి నాయన మందిరం లోపల కూర్చోలేదు. ఆదివారం పూట బయట వేపచెట్టుకి సైకిలు ఆనించి, చైను బాగుచేసుకుంటున్నట్టు నిలబడేవాడు. పాట అయ్యేదాకా ఆ చైను బాగయ్యేది కాదు. నంబరు లేని కవరు నా చేత లోపలికి పంపేవాడు. ఇంట్లో నాయనమ్మ ఎసరు పెట్టినప్పుడు రెండు గుప్పెళ్ళు తియ్యటం మొదలుపెట్టింది. రెండోది ఎవరిదని మేం అడగలేదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, గోతాల్లో కట్టి కాలవలో వేశారు. బతికినవాళ్ళు తెనాలి వచ్చి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు. మా హోం లీగు ఆ నెల బియ్యం పాట పెట్టలా. డబ్బాలన్నీ ఒక బస్తాలో పోసి శిబిరానికి పంపారు. బస్తా సైకిలు మీద కట్టుకుని తొక్కింది మా నాయన. పేరు రాసుకుంటామని శిబిరంలో కుర్రాళ్ళు అడిగితే, "పల్లె పేరు రాసుకోండి చాలు" అన్నాడంట. 2007లో ఆ కేసులో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

నాయన 2003లో పోయాడు. మా సైన్యంలో చావుని చావనరు, మహిమలోకి ప్రమోషన్ అంటారు. ముప్ఫై మూడేళ్ళ నౌకరీలో అటెండరుగానే రిటైరైన మనిషికి ఆ ప్రమోషనన్నా రాయిద్దామని పోతే, కొత్తగా వచ్చిన కెప్టెనుగారు పుస్తకమంతా తిరగేశాడు. పేరు దొరికింది, ఎర్ర గీత కింద. కొట్టేసిన పేరు పక్కన ఏం రాయాలో ఆయనకి తెలవలా. పుస్తకం అట్టాగే మూసి మాతో పాటు సమాధుల దొడ్డికి నడిచాడు. ప్రార్థన ఆయనే చేశాడు.

2022లో రేపల్లె, బాపట్ల కలిసి వేరే జిల్లా అయినాయి. 2025లో ఆ బాపట్ల వైపు పల్లెలో ప్రార్థన జరిపే ఒక పాస్టరు, తనని కులం పేరుతో తిట్టి కొట్టారని పెట్టిన కేసుని హైకోర్టు కొట్టేసింది. క్రైస్తవుడైనవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదు, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్టు ఉన్నాసరే అంది. ఆ వారం మా చెల్లెలు ఫోను చేసి, "అన్నాయ్, మనింట్లో పాత ఫొటోలు ఎవరి దగ్గరున్నాయి?" అని అడిగింది. తాత ఎర్ర చొక్కాలో దిగిన ఫొటో ఒకటుంది. నా దగ్గరే ఉందని చెప్పా. "జాగ్రత్త" అంది. దాచమనో, బయట పెట్టొద్దనో, నేను అడగలా.

దీనంతట్లో మా పల్లె పేరు, మా నాయన పేరు రాయలేదని చదివేవాళ్ళు గమనించే ఉంటారు. ఇంట్లో ఇంకా ముగ్గురు ఉద్యోగాలు చేస్తున్నారు.