మార్మన్ వలస కుటుంబ చరిత్రలు: స్మృతి, విస్మృతి

1846లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూ పట్టణాన్ని విడిచిన మార్మన్లలో తొలి బృందం 1847 జూలైలో సాల్ట్ లేక్ లోయకు చేరింది. ఈ వలసదారుల సంతతివారు రాసుకొన్న కుటుంబ చరిత్రలు అమెరికా పశ్చిమ ప్రాంత చరిత్రకు ముఖ్యాధారాలు. 1856లో చేతిబండ్లు లాగుకొంటూ ఆలస్యంగా బయలుదేరిన విల్లీ, మార్టిన్ బృందాలు వయోమింగ్ మంచులో చిక్కుకొన్నాయి. రెండు వందల మందికి పైగా మరణించారు. చరిత్రగ్రంథాల్లో సంఖ్యగా కనిపించే ఈ మరణాలకు కుటుంబ కథనాలు పేరును, వయసును, బంధుత్వాన్ని చేకూరుస్తాయి.

అయితే పూర్వికులు ఎడారిని సస్యశ్యామలం చేశారనే భావన ఈ రచనల్లో తరచుగా కనిపిస్తుంది. దీనిని యథాతథంగా స్వీకరించలేం. ఆ నేల నిర్జనం కాదు. యూటా సరస్సు తీరం యూట్ జాతివారి చేపలవేటకు ఆధారం. 1849లో వలసదారులు అక్కడ కోట కట్టుకొన్నారు. 1850 ఆరంభంలోనే ఇరువర్గాల మధ్య సాయుధ ఘర్షణ జరిగింది. ఉత్తరాన క్యాష్ లోయలో వలస గ్రామాలు విస్తరించడంతో షోషోనీల ఆహార వనరులు క్షీణించి సంఘర్షణ పెరిగింది. 1863 జనవరిలో బేర్ నది ఒడ్డున అమెరికా సైన్యం వందలాది షోషోనీలను చంపింది.

కాబట్టి వలసదారుల కష్టాలకు ఈ కథనాలు విలువైన సాక్ష్యాలే అయినా, భూమి చరిత్రకు అవి మాత్రమే చాలవు. యూట్, షోషోనీల మౌఖిక సంప్రదాయంతో కలిపి చదివినప్పుడే వాటి చారిత్రక విలువ నిర్ధారితమవుతుంది.