గోడ మీది ఎర్ర త్రికోణం

మన స్కూలుకు వెళ్లే దారిలో కాలవ కట్ట దిగగానే ఒక పొడవాటి సున్నపు గోడ ఉండేది. దాని మీద తలకిందులుగా గీసిన ఎర్ర త్రికోణం, పక్కన నాలుగు ముఖాలు: అమ్మ, నాన్న, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. కింద "చిన్న కుటుంబం - చింతలేని కుటుంబం" అని నీలి అక్షరాలు. మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎనిమిదో తరగతిలో ఉండగా మాలో ఒకడు ఆ త్రికోణం అర్థమేమిటని క్లాసులో అడిగాడు. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు వాడిని బెంచీ ఎక్కించారు. జవాబు మాత్రం రాలేదు.

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, నేను వంతెనల గురించో, కాంక్రీటు గురించో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. నాకు మాత్రం ఆ గోడే గుర్తొచ్చింది. ఆ రోజు క్లాసులో రాని జవాబును నలభై ఏళ్ల తరువాత, నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ఆ త్రికోణం దేశమంతటా గోడలకెక్కుతున్న రోజుల్లో ఢిల్లీలో ఆ శాఖ చూసినవాడు మన తెలుగువాడే. పేరు డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్. 1918 నవంబరు 22న రాజమండ్రిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లి 1944లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకున్నారు. ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం, జనాభాశాస్త్రం మూడూ ఆయన చేతిలో ఒకటిగానే నడిచాయి. 'ఇండియాస్ పాప్యులేషన్' అనే ఆయన పుస్తకం 1946లో వచ్చింది. అప్పటికి మనకు స్వాతంత్ర్యమే రాలేదు. తరువాత అన్నామలైలోనూ బరోడాలోనూ పాఠాలు చెప్పారు. మద్రాసులో జనాభా అధ్యయనాల కోసం ఒక సంస్థను స్థాపించారు.

ఆ కాలంలో ఇదంతా ఎంత కొత్తో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. సంతానం దేవుడిచ్చేది, లెక్కలు వేయడమేమిటని అనుకునే రోజులవి. 1935 చివర్లో అమెరికా నుంచి మార్గరెట్ సాంగర్ వచ్చి వార్ధాలో గాంధీగారిని కలిసి, కుటుంబ నియంత్రణ సాధనాలకు ఆయన మద్దతు అడిగారు. ఆయన ఒప్పుకోలేదు, నిగ్రహమే మార్గమన్నారు. అయినా 1952లో మన ప్రభుత్వం కుటుంబ నియంత్రణను అధికారిక కార్యక్రమంగా చేపట్టింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి ప్రభుత్వం మనదే.

1967లో చంద్రశేఖర్ ఇందిరాగాంధీ మంత్రివర్గంలో చేరి ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ బాధ్యతలు తీసుకున్నారు. 1970 దాకా ఆ పనిలో ఉన్నారు. తరగతి గదిలో చెప్పిన పాఠాన్ని దేశం మీద పరీక్షించే అవకాశం పండితులకు అరుదుగా వస్తుంది. ఆయనకు వచ్చింది. 1968లో 'నిరోధ్' బజారులోకి వచ్చింది. మూడు కలిపి 15 పైసలు. టీ పొడి, సబ్బులు, సిగరెట్లు అమ్మే పెద్ద కంపెనీల పంపిణీ దారుల్లోనే దాన్ని పల్లెల కిళ్లీ కొట్టు దాకా చేర్చారు. ఇంజనీరుగా ఆ ఏర్పాటును నేను మెచ్చుకుంటాను. కొత్త రోడ్డు వేయలేదు, ఉన్న రోడ్డునే వాడుకున్నారు. ఆడపిల్లల పెళ్లి వయసు పెంచాలని ఆయన గట్టిగా వాదించారు. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసే ప్రయత్నం ముందుకు సాగిన కాలమూ అదే. ఆ చట్టం 1971లో వచ్చింది.

ఆయన మాటల్లో తొందరా ఉంది. ముగ్గురు లేదా అంతకు మించి పిల్లలున్న మగవాళ్లందరికీ తప్పనిసరిగా ఆపరేషన్ చేయాలని 1967లో ప్రతిపాదించారు. పెద్ద దుమారం రేగింది, ప్రతిపాదన అమలు కాలేదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ట్రాన్సిస్టర్ రేడియో బహుమతిగా ఇవ్వాలన్న ఆలోచనా అప్పటిదే. చదువుకున్న మనిషికి ఇంత బలవంతం ఎందుకు తోచిందని నేను చాలాసార్లు అనుకున్నాను. 1951లో 36 కోట్లున్న జనాభా 1971కి దాదాపు 55 కోట్లయింది. అంకెల వైపు నుంచే చూసే మనిషికి గుండెలు అదరడం సహజం. ఇంజనీర్లమైన మాకూ ఈ జబ్బు ఉంది. నీటి మట్టం పెరుగుతుంటే గేటు గురించే ఆలోచిస్తాం, దిగువన ఎవరున్నారో తరువాత చూస్తాం.

ఆయన్ను తలుచుకుంటే న్యాయంగా చెప్పాల్సిన ఇంకో మాట ఉంది. 1967లో ఆయన బలవంతం చేయాలన్నది మగవాళ్లను. ఆ రోజుల్లో దేశంలో జరిగే కు.ని. ఆపరేషన్లలో అత్యధికం వేసెక్టమీలే. అది చిన్న ఆపరేషన్, పొట్ట కోయనక్కర్లేదు, మత్తు ఆ ఒక్క చోటికే ఇస్తే చాలు, అదే రోజు ఇంటికి నడిచి వెళ్లవచ్చు. వైద్యపరంగా చూస్తే ఇద్దరిలో సులువైన దారి మగవాడిదే.

మరి ఆ భారం ఆడవాళ్ల మీదికి ఎప్పుడు మారింది? ఎమర్జెన్సీ తరువాత. 1976-77 ఒక్క సంవత్సరంలో దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో దాదాపు 62 లక్షలు మగవాళ్లవి. టార్గెట్లు, ఒత్తిళ్లు, పోలీసులు, ఇవన్నీ ఎన్నికల్లో ప్రభుత్వాన్నే కూల్చాయి. మరుసటి ఏడాది ఆపరేషన్ల సంఖ్య పది లక్షలు కూడా దాటలేదు. కుటుంబ నియంత్రణ అనే పేరు పోయి కుటుంబ సంక్షేమం అనే పేరు వచ్చింది. మగవాళ్ల జోలికి పోతే ఓట్లు పోతాయని నాయకులకు అర్థమైంది. టార్గెట్లు మాత్రం పోలేదు. అవి మెల్లగా ఆడవాళ్ల వైపు తిరిగాయి.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. అక్క కూడా మన స్కూలే, నాకంటే నాలుగేళ్లు సీనియర్. లెక్కల్లో నాకు నోట్సు రాసిచ్చింది ఆవిడే. 1980లో టెన్త్ ఫస్టుక్లాసులో పాసైంది. కాలేజీకి వెళ్లాలంటే బస్సెక్కి పోవాలి, ఆడపిల్ల కదా అని ఇంట్లో మాన్పించారు. 1982లో పెళ్లి. అప్పటికి ఆవిడకు 17. ఆడపిల్ల పెళ్లికి 18 నిండాలని చట్టం వచ్చి నాలుగేళ్లయింది, మా ఇంట్లో ఆ చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. 1986 నాటికి ఇద్దరు పిల్లలు, 21 ఏళ్లకే ఆపరేషన్. ఆ ఏడాది నేను ఇంజనీరింగ్‌లో ఉన్నాను. సెలవులకు వస్తే అక్క వరండాలో మంచం మీద పడుకుని ఉంది. బావగారు పొలం వెళ్లారు. పొలం పనికి ఆటంకమని ఆయన ఆపరేషన్ గురించి ఎవరూ అనుకోనే లేదు. అక్క చేసే పనికీ ఆటంకమే కదా అని నాకూ తోచలేదు.

అదే 1986లో హైదరాబాదుకు చెందిన స్త్రీ శక్తి సంఘటన సుప్రీంకోర్టుకు వెళ్లింది. పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దగ్గర నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పల్లెటూరి ఆడవాళ్లకు ప్రయోగాత్మకంగా ఇవ్వబోతున్నారని, దాని మంచిచెడ్డలు వాళ్లకు వివరంగా చెప్పలేదని వాళ్ల ఫిర్యాదు. మందు మంచిదా చెడ్డదా అన్నది డాక్టర్లు తేల్చాల్సిన ప్రశ్న. వేసుకునే మనిషికి చెప్పి, ఆమెను అడిగారా అన్నది వాళ్లు లేవనెత్తిన ప్రశ్న. చంద్రశేఖర్ తరం అంకెలు అడిగితే, ఈ తరం ఆడవాళ్లు ఆ అంకెల్లో ఉన్న మనుషుల గురించి అడిగారు.

ఫలితం లెక్కల్లో చూస్తే మన రాష్ట్రం దేశానికే ఆశ్చర్యం. 1992-93లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి అది 1.7. జనాభా పెరగకుండా తరగకుండా ఉండటానికి కావాల్సింది 2.1. కేరళలో జననాలు తగ్గాయంటే ఆడవాళ్ల చదువు కారణమని చెప్పేవారు. 1991లో మన రాష్ట్రంలో ఆడవాళ్ల అక్షరాస్యత సుమారు 33 శాతమే. చదువు లేకుండా ఇది ఎలా సాధ్యమైందని పరిశోధకులు తల పట్టుకున్నారు.

జవాబులో పెద్ద భాగం మా అక్కలాంటి వాళ్లే. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయి పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. దేశంలో అది 38 శాతం. ఇక భర్త ఆపరేషన్ చేయించుకున్న జంటలు మన దగ్గర వందకు ఒకటి కూడా లేవు. మన దగ్గర చాలామందికి పాతికేళ్లు నిండకముందే ఆ ఆపరేషన్ అయిపోతుంది. ఎడం కోసం వాడే మాత్రలూ లూపూ దాదాపు లేనట్టే. త్వరగా పెళ్లి, త్వరగా ఇద్దరు, త్వరగా ఆపరేషన్. చిన్న కుటుంబం వచ్చింది, చింతంతా ఒక్కరి వంతుకే వచ్చింది.

ఇప్పుడు గాలి తిరిగింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టిన నిబంధనను 2024లో మన శాసనసభ ఎత్తేసింది. ముసలివాళ్లు పెరుగుతున్నారు, ఎక్కువమందిని కనండి అంటున్నారు. అప్పుడు వద్దన్నదీ ఇప్పుడు కనమన్నదీ ఒకే శరీరానికి. రెండుసార్లూ అడగాల్సిన మనిషిని అడగలేదనే నా బాధ.

మంత్రి పదవి తరువాత చంద్రశేఖర్ మళ్లీ చదువులోకే వెళ్లారు. శిశుమరణాలకూ కుటుంబ నియంత్రణకూ ఉన్న సంబంధం మీద 1972లో పుస్తకం ప్రచురించారు. పుట్టిన బిడ్డ బతుకుతుందనే ధైర్యం లేని తల్లిని ఇద్దరితో ఆపమంటే ఎలా ఆపుతుంది? ఆ ప్రశ్న త్రికోణం కంటే లోతైనది. 1975 నుంచి 1978 దాకా అన్నామలై విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 1981లో అనీబిసెంట్ మీద పుస్తకం తెచ్చారు. మనకు ఆమె హోంరూలు నాయకురాలిగానే తెలుసు. అంతకు చాలా ముందు, 1877లో, సంతాన నిరోధం గురించిన చిన్న పుస్తకాన్ని అచ్చువేసినందుకు లండన్‌లో ఆమె మీద విచారణ జరిగింది. ఆ కారణం కూడా చూపి మరుసటి ఏడాది కోర్టు ఆమె కూతురిని ఆమె దగ్గర నుంచి తీసేసింది. సమాచారం ఇచ్చినందుకు కూడా ఒక తల్లి బిడ్డను పోగొట్టుకోవాల్సి వచ్చింది. చంద్రశేఖర్ 2001లో అమెరికాలో కన్నుమూశారు.

ఈ వ్యాసం రాస్తూ మొన్న పండక్కి అక్కను అడిగాను, అప్పుడు ఆపరేషన్ నీ ఇష్టంతోనే జరిగిందా అని. పప్పు రుబ్బడం ఆపి నా వైపు చూసింది. "ఇష్టమా? నన్నెవరూ అడగలేదురా. ఫలానా రోజు వెళ్లాలి అన్నారు, వెళ్లాను. ఇద్దరు చాలనే నాకూ ఉంది. కానీ ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది" అంది. కాసేపాగి, "దానికంటే నన్ను ఇంటర్ చదవనిచ్చి ఉంటే ఇంకా బాగుండేది" అంది.

మిత్రులారా, మన సంఘానికి యాభై ఏళ్లు వచ్చాయి. కమానుకూ, విగ్రహానికీ విరాళాలు వస్తూనే ఉంటాయి. నాకు రెండు కోరికలున్నాయి. ఒకటి, రామాపురంలో టెన్త్ పాసైన ఏ ఆడపిల్లా బస్సు చార్జీ లేకనో, తోడు లేకనో తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీలకు వెళ్లడం మానకుండా ఒక నిధి పెడదాం. నా వంతు మొదటి విరాళం మా అక్క పేరున ఇస్తున్నాను. రెండు, ఏడాదికోసారి ఒక డాక్టరుగారిని పిలిచి పెద్ద తరగతుల పిల్లలకు ఈ విషయాలు చెప్పిద్దాం. ముఖ్యంగా మగపిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెడదాం.

ఆ గోడ ఇప్పుడు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. త్రికోణం అర్థం అడిగినవాడు మాత్రం ఇంకా మన మధ్యే ఉన్నాడు. ఈ సంచిక వాడి చేతికి చేరితే, బెంచీ దిగవచ్చని నా మాటగా చెప్పండి.