దాళ్వా చేలల్లో శీతాకాలపు పక్షులు: రైతులు గమనించాల్సిన విషయాలు

కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా కోతలు ముగిసి, దాళ్వాకు నీరు పెట్టి దమ్ము మొదలుపెట్టే డిసెంబరు, జనవరి నెలలు పక్షులను చూడటానికి మంచి సమయం. కొల్లేరు చుట్టుపక్కల లోతట్టు చేలల్లో ఇవి మరీ ఎక్కువ. దమ్ము ట్రాక్టరు వెనుక నడిచే తెల్లకొంగలను రోజూ చూస్తాం, వాటి పక్కన ఇంకేమున్నాయో చూడం. ఉద్యోగంలో చేరిన మొదటి పదేళ్లు నేనూ అలాగే తిరిగాను.

ఏవి వస్తాయి?

గట్టు పక్కన మట్టిరంగులో కదలకుండా నిలబడి, ఎగిరినప్పుడు ఒక్కసారిగా తెల్లగా కనిపించేది గుడ్డికొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు ఉండేది నత్తగుల్ల కొంగ. చేలో నత్తలే దీనికి ముఖ్య ఆహారం. బురద అంచున తోక ఆడిస్తూ పరుగెత్తే చిన్న ఉల్లంకి పిట్టలు, లోతు నీటిలో దిగే సూదితోక బాతులు ఉత్తరాది చలి ప్రాంతాల నుంచి వచ్చి, ఎండలు ముదిరే నాటికి వెళ్లిపోతాయి. ఊళ్లో అన్నిటినీ సైబీరియా పక్షులనే అంటారు గానీ, ఆటపాకలో కనిపించే గూడబాతులు మన దేశంలోనే గూళ్లు కట్టి పిల్లలను పెంచేవి.

ఎలా చూడాలి?

ఉదయం ఎనిమిది లోపు, ఎండ మన వీపు వైపు ఉండేలా గట్టు మీద నిలబడాలి. గుంపు తలలెత్తిందంటే మనం మరీ దగ్గరకు వెళ్లినట్లే, అక్కడే ఆగాలి. తేదీ, చేలో నీటి లోతు, ఏ పక్షి ఎన్ని అన్నది చిన్న పుస్తకంలో రాసుకోండి. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. మీ దగ్గరలో జరిగితే ఈ పుస్తకం అక్కడ పనికొస్తుంది.

మేలు, నష్టం

పక్షులన్నీ రైతుకు మిత్రులే అని నేను చెప్పను. బాతులు నారుమడిలో మొలక విత్తనం తింటాయి, నీలి బొల్లికోడి పిలకలు కొరికేస్తుంది. మొలక చల్లిన కొత్తలో మడిలో రాత్రిపూట నీరు నిలవనీయకుండా, పైన మెరుపు రిబ్బన్లు కట్టండి. పురుగులను తినే పక్షులు వాలడానికి ఎకరాకు 8 నుంచి 10 పక్షి స్థావరాలు పెట్టి, గింజ పాలు పోసుకునే దశలో తీసేయాలి. లేకపోతే వాటి మీదే గింజ తినే పిట్టలు చేరతాయి.

గుళికలతో జాగ్రత్త

ఒక ఏడాది కార్బోఫ్యూరాన్ గుళికలు చల్లిన చేను గట్టున మర్నాడు ఉదయం కొంగలు పడి ఉండటం చూశాను. రైతు వాటి కోసం చల్లలేదు, కాండం తొలుచు పురుగు కోసం చల్లాడు. ఈ గుళిక పక్షులకు తీవ్రమైన విషం. గింజ అనుకుని తింటాయి, విషం తిన్న పురుగులనూ తింటాయి. అందుకే ముందుగా ఎకరాకు 3 లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగు ఉధృతి చూసుకోండి. అవసరమని తేలితేనే, మీ వ్యవసాయ సిబ్బందిని అడిగి మందు ఎంచుకోండి. గుళికలు వాడక తప్పకపోతే గట్ల మీద రాలినవి మట్టిలో కలిపేయండి, ఖాళీ సంచి కాలువలో వేయకండి. చేలోని నీరు బయటికి వదలకండి.

కావాలని విషపు గింజలు చల్లినా, వలలు పన్నినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. విషంతో పడిన పక్షిని కూరకు తీసుకెళ్లేవారు ఇంకా ఉన్నారు. ఆ విషం తిన్నవారికీ ప్రమాదమే.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. కాబట్టి చేలో చనిపోయిన పక్షులు కనిపిస్తే చేత్తో ముట్టకుండా, పెరటి కోళ్లను అటు వెళ్లనీయకుండా పశువైద్యశాలకు వెంటనే తెలియజేయాలి.