పాంపే గోదాలో నలుగురు

తెర వెలిగినా ముందు ఏమీ కనిపించదు. అంతా చీకటి. ఆ చీకట్లో గుండె కొట్టుకుంటున్నట్టు ఒక లోతైన చప్పుడు. కాస్త ఓపిక పట్టండి, ఎండ వస్తుంది. ఇప్పుడు మీరు ఎత్తున, రాతి మెట్ల పై అంచున నిలబడి ఉన్నారు. కింద కోలగా పరుచుకున్న మట్టి నేల. చుట్టూ వరస మీద వరసగా మెట్లు. చాలాచోట్ల గడ్డి మొలిచి రాయిని కప్పేసింది. నేల నడుమ నల్లటి స్పీకర్ పెట్టెలు, తీగలు, డ్రమ్ములు, వాటి మధ్య నలుగురు కుర్రవాళ్ళు. మెట్ల మీద ఒక్క మనిషి లేడు.

పియానో మీద ఒకే ఒక్క స్వరం మోగుతుంది. రిచర్డ్ రైట్ ఒక మీట నొక్కి వదిలాడు. అది తిరిగే స్పీకర్‌లోంచి బయటికి వచ్చేసరికి నీళ్ళలో నుంచి వచ్చినట్టు వణుకుతుంది. మళ్ళీ అదే స్వరం. కెమెరా తొందరపడదు, పై నుంచి కిందికి నెమ్మదిగా దగ్గరవుతుంది. డేవిడ్ గిల్మర్ గిటార్ అందుకుంటాడు, రోజర్ వాటర్స్ బేస్ కలుస్తుంది, నిక్ మేసన్ సింబల్‌ను తాకీ తాకనట్టు తాకుతాడు. ‘ఎకోస్’ మొదలైంది. బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాయిస్తోంది. 1971 అక్టోబర్ మొదటి వారం. ఈ పాట ఉన్న ‘మెడిల్’ ఆల్బమ్ ఇంకా విడుదల కాలేదు.

మీరు నిలబడిన చోటు గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఇటలీలోని పాంపేలో క్రీ.పూ. 70 ప్రాంతంలో కట్టిన ఈ గోదా, ఇప్పటికీ నిలిచి ఉన్న రాతి యాంఫీథియేటర్లలో అన్నింటికన్నా పాతది. సుమారు 20,000 మంది కూర్చునేవారు. మనుషులు మనుషులతోనూ మృగాలతోనూ పోరాడుతుంటే జనం ఈ మెట్ల మీద నుంచే కేకలు పెట్టారు. క్రీ.శ. 59లో పోరు గోదాలో ఆగలేదు, మెట్ల మీదికి పాకింది. పాంపే వాళ్ళకీ పొరుగూరు నుకేరియా వాళ్ళకీ మాటా మాటా పెరిగి, రాళ్ళు లేచి, కత్తులు దూశారు. చాలామంది చచ్చిపోయారు. రోమ్ సెనేట్ ఇక్కడి ఆటల్ని పదేళ్ళు నిషేధించింది. ఆ కొట్లాటను గోడ మీద బొమ్మ వేసిన చిత్రకారుడు కూడా ఉన్నాడు. ఆ చిత్రాన్ని నేపుల్స్ మ్యూజియంలో చూడొచ్చు. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలి ఊరంతా బూడిద కింద కూరుకుపోయింది. జనం చేసిన గొడవకి ఒకప్పుడు మూతపడిన చోట, 1,912 ఏళ్ళ తర్వాత జనమే లేని కచేరీ జరుగుతోంది.

ఆ ఆలోచన ఈ చిత్ర దర్శకుడు ఏడ్రియన్ మేబన్‌ది. 1971 ఎండాకాలంలో పాంపే చూడ్డానికి వచ్చి, పాస్‌పోర్ట్ పోగొట్టుకున్నాడు. పగలు ఇక్కడే కూర్చుని తిన్నాం కదా, ఇక్కడే పడిపోయిందేమో అనుకుని, కాపలావాళ్ళని బతిమాలి, పొద్దుగూకే వేళ ఒక్కడే మళ్ళీ లోపలికి వచ్చాడు. పాస్‌పోర్ట్ దొరకలేదు. దొరికిందల్లా ఆ నిశ్శబ్దం, అందులో పురుగుల చప్పుడు, తల మీదుగా ఎగిరే గబ్బిలాలు. చిన్న చప్పుడు కూడా రాయికి తగిలి పెద్దదై వినిపించింది. అంతకు ముందు ఏడాదే ‘వుడ్‌స్టాక్’ సినిమా వచ్చింది. బురదలో లక్షల జనం, వేదిక మీద పాట, తెర నిండా ముఖాలు. రాక్ కచేరీని తెర మీద ఎలా చూపించాలో అప్పటికే ఒక పద్ధతి స్థిరపడిపోయింది. మేబన్ దానికి ఎదురు తిరిగాడు. వాయించేవాళ్ళు, వాళ్ళ సామాన్లు, రాళ్ళు, ఎండ ఉంటే చాలనుకున్నాడు.

నేపుల్స్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర చెప్పే ఒక ఆచార్యుడు అధికారులకి నచ్చజెప్పి, కొద్ది రోజుల పాటు గోదాను మూయించాడు. సామానంతా లండన్ నుంచి లారీల్లో వచ్చింది. తీరా వచ్చాక కరెంటు చాలలేదు. ఇచ్చిన ఆ కాస్త గడువులో చాలా భాగం దానికే పోయింది. చివరికి ఊళ్ళోంచి వీధుల వెంబడి పొడుగాటి కేబుల్ పరుచుకుంటూ తెచ్చి కలిపారు. నలుగురూ ఒక్క షరతు పెట్టారు: రికార్డుకి పెదాలు కదిపేది లేదు, ఇక్కడే, ఇప్పుడే వాయిస్తాం. అందుకే కచేరీల్లో వాడే సరంజామా మొత్తం మోసుకొచ్చారు. ఇప్పుడు తెర మీద చూడండి. కెమెరా వాయించేవాళ్ళ వెనక నుంచి, స్పీకర్ పెట్టెల వీపుల పక్కగా మెల్లగా జరుగుతోంది. ప్రతి పెట్టె మీదా తెల్ల రంగుతో అచ్చు గుద్దిన అక్షరాలు: పింక్ ఫ్లాయిడ్, లండన్. మామూలు కచేరీ సినిమాలో ఈ వెనక వైపు ఎవరూ చూపించరు. ఇక్కడ దాచడానికి ఏమీ లేదు.

గిల్మర్‌కి ఇరవై అయిదేళ్ళు. చొక్కా విప్పేసి ఎండలో నిలబడ్డాడు. జుట్టు ముఖం మీద పడుతున్నా పట్టించుకోడు. పల్లవి దగ్గర అతనూ రైటూ గొంతులు కలుపుతారు. ఏది ఎవరి గొంతో చెప్పలేం, రెండూ పెనవేసుకుపోతాయి. గోదాలో అటూ ఇటూ నాలుగడుగుల దూరంలో ఉన్నారు, ఒకరి వైపు ఒకరు చూసుకోవడం లేదు, అయినా ఊపిరి ఒక్కచోటే తీస్తున్నారు. నా దృష్టిలో ఈ చిత్రంలో అన్నిటికన్నా విలువైన క్షణాలు ఇవే. ఇంతకుముందు ఎన్నిసార్లు కలిసి పాడి ఉంటే ఆ అలవాటు వస్తుంది!

పొద్దు వాలుతోంది. ‘ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’. ఇది రాగం వెతుక్కుంటూ వినేవాళ్ళకి మొదట్లో మింగుడుపడదు. రైట్ పియానో మీట్లని వేళ్ళతో కాదు, పిడికిళ్ళతో గుద్దుతున్నాడు. గిల్మర్ నేల మీద కూలబడ్డాడు. చెప్పుల్లేని కాళ్ళు, ఒళ్ళో గిటార్. తీగల మీద లోహపు గొట్టాన్ని జార్చుతుంటే అందులోంచి వచ్చేది సంగీతమో, ఏదో జంతువు మూలుగో తెలియదు. మేసన్ ఒకే వరసని డ్రమ్ముల మీద గుండ్రంగా తిప్పుతున్నాడు, అలసట లేదు. వాటర్స్ బేస్ పక్కన పెట్టేసి పెద్ద గాంగ్ దగ్గరికి వెళ్ళాడు. సూర్యుడు సరిగ్గా అతని వెనక ఉన్నాడు. మనిషి నల్లటి నీడైపోయాడు. ఆ నీడ చెయ్యెత్తి కొడుతుంది, వెలుగు కంపిస్తుంది, మళ్ళీ కొడుతుంది. గాంగ్ కొట్టి సింబల్స్ మీదికి ఉరుకుతాడు, మళ్ళీ గాంగ్ దగ్గరికి. వాటర్స్ తర్వాతి రోజుల్లో ఎంతో పెద్ద వేదికలు కట్టించాడు, గోడలు లేపాడు, పందుల బెలూన్లు ఎగరేశాడు. ఆ హంగులేవీ నాకు ఈ నీడంత బలంగా అనిపించలేదు.

గోల అణిగిపోతుంది. అణిగిన చోట రైట్ ఆర్గాన్ తలెత్తుతుంది, గుడిలో వినిపించే పాటలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ. దాని మీద గిల్మర్ మాటల్లేకుండా గొంతెత్తుతాడు. వెలుగు తగ్గిపోతోంది, గొంతు పైకి పోతోంది. ఇంత గందరగోళం ఎందుకు భరించామో ఇక్కడ తెలుస్తుంది. దాన్ని దాటి రాకపోతే ఈ చివరి భాగానికి ఇంత బరువు ఉండదు.

రాత్రయింది. ‘వన్ ఆఫ్ దీజ్ డేస్’. వాటర్స్ బేస్ ఎకో యంత్రంలో పడి తనని తానే తరుముకుంటోంది. ఇక మీరు మేసన్ పక్కన కూర్చున్నట్టే. చేయి చాపితే సింబల్ తగిలేంత దగ్గర. కెమెరా అతన్ని వదలదు. పాట పొడుగునా దాదాపు అతనొక్కడే. దీని వెనక ఉన్నది గొప్ప ఆలోచనేమీ కాదు. మిగతావాళ్ళని తీసిన ఫిల్మ్ డబ్బాలు పోయాయి, మేసన్‌ని తీసిన రీళ్ళే మిగిలాయి. పోవడం మంచిదే అయింది. డ్రమ్మర్ ఎంత పని చేస్తాడో పూర్తిగా చూపించే చిత్రాలు ఎన్ని ఉన్నాయి? పాట మంచి ఊపు మీద ఉండగా అతని చేతిలో పుల్ల జారిపోతుంది. చూస్తున్న మీ గుండె గుభేలుమంటుంది. అతను కంగారు పడడు. ఒక చేత్తో తాళం నడిపిస్తూనే రెండో చేత్తో ఇంకో పుల్ల లాక్కుంటాడు. ఒక్క దెబ్బ కూడా తప్పదు. ఈ భాగాన్ని వెనక్కి తిప్పుకుని మళ్ళీ చూడండి. చెయ్యి వెతుక్కోదు, పుల్ల ఎక్కడుందో దానికి ముందే తెలుసు. నలుగురు చూస్తున్నారని చేసిన విద్య కాదది. చూడ్డానికి ఎవరూ లేరు కూడా.

పాంపేలో గడువు చాలక మిగిలిపోయిన పాటల్ని కొన్నాళ్ళకి పారిస్ స్టూడియోలో తీశారు. ఏది ఎక్కడిదో కనిపెట్టడం తేలిక: పాంపేలో రైట్‌కి గడ్డం ఉంది, పారిస్‌లో లేదు. ‘సెట్ ది కంట్రోల్స్’, ‘కేర్‌ఫుల్ విత్ దట్ యాక్స్, యూజీన్’ వాయింపులో లోటేమీ లేదు. కానీ గోడల మధ్య గాలి వేరు. బయట ఎండలో వాయించిన నలుగురినీ చూశాక ఇక్కడి చీకటి కృతకంగా తోస్తుంది. నోబ్స్ అనే కుక్క చేత మైకు ముందు ఊళ వేయించిన ముక్క కూడా ఉంది, దాని మీద ఆగనక్కర్లేదు. పొజ్జువోలీ దగ్గర సోల్ఫటారాలో, ఉడికే బురద పక్కన, ఆవిర్లలోంచి నలుగురూ నడిచివచ్చే దృశ్యాలు మాత్రం బాగా అతికాయి. ఆ నేల కింద ఇంకా నిప్పుందని గుర్తు చేస్తాయి.

గంట నిడివితో ఈ చిత్రం 1972లో ఎడిన్‌బరో చలనచిత్రోత్సవంలో మొదటిసారి పడింది. తర్వాత మేబన్ దానికి అబ్బీ రోడ్ స్టూడియో దృశ్యాలు చేర్చి 1974లో పెద్ద కూర్పు విడుదల చేశాడు. అందులో ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ తయారవుతూ ఉంటుంది. వాటర్స్ సింథసైజర్ ముందు కూర్చుని మీటలు తిప్పుతూ ‘ఆన్ ది రన్’ శబ్దాన్ని సరిచేసుకుంటాడు, రైట్ ఒంటరిగా పియానో వాయించుకుంటాడు, క్యాంటీన్‌లో మేసన్ అంచు లేని ‘పై’ ముక్క కావాలని పట్టుబడతాడు. చరిత్రగా ఇవన్నీ అమూల్యం. ఆ రికార్డు 1973 మార్చిలో వచ్చి వాళ్ళ బతుకుల్నే మార్చేసింది. అయితే పాంపేలో కుదురుకున్న మన మనసుని ఇవి మాటిమాటికీ లేపుతాయి.

కచేరీ సినిమాల్లో జనాన్ని ఎందుకు చూపిస్తారు? ఒక అమ్మాయి కళ్ళు మూసుకుని ఊగుతుంది, ఒక కుర్రాడు పిడికిలి బిగించి అరుస్తాడు, అది చూసి ఇది గొప్ప పాటే అని మనం ఒప్పేసుకుంటాం. పాట గురించి మన తరఫున వాళ్ళే తీర్పు చెప్పేస్తారు. పాంపేలో ఆ సాయం అందదు. పాట అయిపోయాక చప్పట్లు మోగవు. బాగుందో లేదో మీరే తేల్చుకోవాలి. మన త్యాగరాజ ఆరాధనల్లో ముందు వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాళ్ళు వయొలిన్ విద్వాంసుడి వేళ్ళ మీద నుంచి చూపు తిప్పరు. ఈ చిత్రం మనకి వేసిన పీట సరిగ్గా అక్కడే. జనాన్ని తీసేయడం వల్ల వాయించేవాళ్ళు దేవుళ్ళైపోలేదు, ఒళ్ళొంచి పని చేసుకునే మనుషులయ్యారు. నలుగురికీ ముప్ఫై నిండలేదు. చెమట పట్టింది. పాదాల కింద దుమ్ము ఉంది. ఇంకా పేరూ డబ్బూ ముంచెత్తలేదు, వాటి వెంట వచ్చే తగాదాలూ మొదలు కాలేదు. రాక్ సంగీతం గురించి తీసిన చిత్రాల్లో ఇంతకంటే నిజాయితీ గలది నాకు కనిపించలేదు.

ఇదంతా మిగలడమే ఆశ్చర్యం. చిత్రంలో వాడకుండా మిగిలిన నెగటివ్ ధ్వంసమైపోయిందని మేబన్ స్వయంగా చెప్పుకుని బాధపడ్డాడు. వాటర్స్ ముఖం, రైట్ చేతులు, వేరే కోణంలో ఆ సాయంకాలం, అన్నీ పోయాయి. కూర్చిన అసలు 35 మిల్లీమీటర్ల నెగటివ్ మాత్రం పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ సొంత భాండాగారంలోనే, పేర్లు సరిగ్గా రాయని అయిదు డబ్బాల్లో ఉండిపోయింది. బృందం తరఫున పునరుద్ధరణ పని చూసే లానా టోఫామ్ దాన్ని వెలికితీసి ఒక్కో ఫ్రేమూ బాగుచేయించారు. సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ శబ్దాన్ని కొత్తగా మిక్స్ చేశాడు. 2025 ఏప్రిల్‌లో ఐమాక్స్ తెరల మీదికి వచ్చింది. పాత వీడియో క్యాసెట్ కాపీల్లో ఎర్రగా అలుక్కుపోయిన రాళ్ళు ఇప్పుడు రాళ్ళలా కనిపిస్తున్నాయి, గిటార్ తీగ మీద మెరుపు తెలుస్తోంది.

వీలైతే ముందు గంట నిడివి కూర్పే చూడండి, అబ్బీ రోడ్ తర్వాత చూసుకోవచ్చు. టీవీ స్పీకర్లు ఈ బేస్‌ని మొయ్యలేవు, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. పక్కన మాట్లాడేవాళ్ళు లేకుండా చూసుకోండి. 2016 జూలైలో గిల్మర్ ఇదే గోదాకి తిరిగి వచ్చి రెండు రాత్రులు కచేరీ చేశాడు, ఈసారి ఎదురుగా జనంతో. ‘ఎకోస్’ మాత్రం వాయించలేదు. ఆ పాటలో రెండో గొంతు రైట్‌ది. అతను 2008లోనే చనిపోయాడు.